చెవులమ్మ మరమ్మతు

శ్రావణ శుద్ధ విదియ. పడమటి గాలి, సముద్రం మామూలే.

మరమ్మతు గదిలోకి ఏ వస్తువు వచ్చినా దానికేం చేశామో ఆ రోజే చెప్పి పెట్టాలని ఒడ్డునుండే గట్టువాళ్ళ రూలు. నోటితో చెబితే పైవాడు, అంటే దేవుడు కాదు, అన్ని యంత్రాలనీ నడిపే పై యంత్రం, రాసుకుంటాడు. ఇన్నాళ్ళూ పంపు బాగుచేశాను, గొట్టం మార్చాను అని రెండు ముక్కలు చెప్పి చేతులు దులుపుకునేదాన్ని. ఈసారి వచ్చింది అలాంటి వస్తువు కాదు. అందుకని వివరంగా చెబుతాను. ఓపిక ఉన్నవాళ్ళు వింటారు, లేనివాళ్ళు వాళ్ళ పని చూసుకుంటారు.

పొద్దున సోలార్ రేకుల మీద ఉప్పు కడిగి, మంచినీళ్ళ యంత్రం జల్లెడ దులిపి, నాచు తాళ్ళు ఆరేసి వచ్చేసరికి అప్పాయమ్మ నా గది గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో పట్టుగుడ్డ మూట. అప్పాయమ్మ నా తోడికోడలు, మా మరిది భార్య. వయసులో నాకన్నా పెద్దది, వరసలో చిన్నది. ఎవరు ఎవర్ని అక్కా అనాలన్న తగువు ఆమె కాపరానికొచ్చిన రోజే మొదలైంది. అన్నదమ్ములిద్దరూ పోయారు గాని తగువు మాత్రం నిక్షేపంలా ఉంది. చివరికి వరసే గెలిచింది కాబట్టి నన్ను అక్కా అంటుంది. అన్న ప్రతిసారీ మూతి ఒక పక్కకు తిప్పుతుంది.

జ్యేష్ఠంలో, సముద్రం మధ్యనున్న మా ఇనప మేడ స్తంభం మీద పిడుగు పడినప్పటి నుంచి ఆ తగువూ లేదు. అప్పాయమ్మకు చిన్నప్పుడే జ్వరమొచ్చి చెవులు పోయాయి. అప్పట్లో డాక్టర్లు చెవి లోపల సన్నటి తీగ పెట్టి, చెవి వెనక చిన్న యంత్రం తగిలించారు. దాంతో నా తిట్లు ఒక్కటీ పొల్లుపోకుండా వినేది. పిడుగుకి ఆ యంత్రం కాలిపోలేదు గాని నేర్చుకున్నదంతా మరిచిపోయింది. దీపం వెలుగుతుంది, శబ్దం రాదు. దానికి మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. పైవాణ్ణి అడిగితే అలాంటి యంత్రం పేరే వినలేదన్నాడు. ఇప్పటి వస్తువులకు సొంత బుద్ధి ఎక్కడుంది, అన్నీ పైవాడి బుద్ధితో నడిచేవే. ఆయనకు తెలియదంటే లోకంలో లేనట్టే లెక్క. గట్టుమీది ఆసుపత్రిలో కొత్తది పెడతారా అంటే, తల మళ్ళీ కోయాలి, ఈ వయసులో కుదరదన్నారు.

చెవులు లేకపోయినా బతకొచ్చు గాని మేడ మీద బతకకూడదు. సైరన్ వినబడని మనిషి ఇక్కడ ఉండరాదని రూలు. తుఫాన్లకు ముందు, భాద్రపదం చివర్లో తనిఖీకి వస్తారు. వినబడకపోతే ఆ పడవలోనే ఎక్కించి గట్టుమీది ఆశ్రమానికి తీసుకుపోతారు. ఈ మాట మా మేడ పెద్ద, పడవలు నడిపే సరంగు తాతబ్బాయి, నెత్తి గోక్కుంటూ చెప్పి వెళ్ళాడు. ఎవరూ లేని చోట, ఏమీ వినబడకుండా, గోడ వైపు చూస్తూ అప్పాయమ్మ. తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

మూటలో ఉన్నది ల్యాప్‌టాప్. పాతకాలం వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పనిచేసిన మడత పెట్టె. ఆమె చెవికి పాఠం నేర్పేది ఇదొక్కటే. మేడ మీద దవాఖానా ఎత్తేసిన రోజున డాక్టరమ్మ దాన్ని ఆమె చేతిలో పెట్టి, ఇది ఉంటేనే నీ చెవి, జాగ్రత్తమ్మా అని చెప్పి వెళ్ళింది. అప్పాయమ్మ జాగ్రత్త అంటే మామూలు జాగ్రత్త కాదు. తీసుకెళ్ళి దేవుడి అరలో పెట్టింది. చెవులమ్మ అని పేరు కూడా పెట్టుకుంది.

"ఇప్పకుండా బాగుసెయ్యి," అంది మూట నా చేతికిస్తూ.

శ్రావణ శుద్ధ పంచమి. గాలి లేదు, ఉక్క.

మూట విప్పి చూసి నా నెత్తిన నేనే కొట్టుకున్నాను.

ప్రతి దసరాకూ ఆయుధపూజ చేస్తాం. పంపుకీ, పడవకీ, నా పట్టకారుకీ పసుపు రాసి బొట్టు పెడతాం. ఇనప వస్తువు కాబట్టి మర్నాడు తుడిచేస్తే సరిపోతుంది. కాని చెవులమ్మ దేవత కదా, దేవత మొహం ఎవరు తుడుస్తారు? ఏటికేడు పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ. మూత మీద అరచేతి మందాన గట్టిపడి ఉంది. పక్కన తీగలు దూర్చే కన్నాలు ఉంటాయి, ప్రతి కన్నానికీ శ్రద్ధగా ఒక గంధం బొట్టు పెట్టి పూడ్చేసింది. గాలి పీల్చే జాలీ దగ్గర ఏళ్ళ తరబడి హారతి ఇచ్చిన మసి. కొబ్బరికాయ ఎక్కడ కొట్టేదో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. భక్తి అంతా ఒకచోట చేరి దాని పీక నొక్కింది.

విప్పకుండా ఇది బాగుపడదని రాత పలక మీద రాసి చూపించాను. ఆమె గొంతు ఆమెకు వినబడదు, అందుకని ఈమధ్య మేడంతా దద్దరిల్లేలా మాట్లాడుతోంది.

"సెవులమ్మని కోత్తావా? కళ్ళు పోతాయి అక్కా."

కోయకపోతే నిన్ను గట్టుకి పంపుతారు అని రాశాను. పంపితే పంపనీ, అమ్మోరి మీద చెయ్యి వెయ్యొద్దంది. మూట లాక్కుని వెళ్ళిపోయింది. మొండిఘటం. నేనూ ఊరుకున్నాను. మధ్యాహ్నం దాకా ఊరుకుని, ఆమెకి తిండి పట్టుకెళితే ఇద్దరం చెరోవైపు తిరిగి తిన్నాం.

సాయంత్రం తనే వచ్చింది. అమ్మోరినే అడుగుదాం అంది. పద్ధతి అందరికీ తెలిసిందే, పువ్వు పెట్టి చూడ్డం. పువ్వు కుడివైపు జారితే అమ్మవారు సరేనన్నట్టు. డబ్బాల్లో పెంచిన బంతిపువ్వొకటి కోసుకొచ్చి మూత మీద పెట్టి, చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. గాలి లేదని పైనే చెప్పాను. పువ్వు కదలదు. నా బల్ల మీద టంకం పొగ చెదరగొట్టే చిన్న ఫ్యాను ఒకటి ఉంది. దాన్ని మోచేత్తో కొంచెం ఎడమపక్కకు జరిపి మీట నొక్కాను. పువ్వు కుడివైపు పడింది.

అప్పాయమ్మ కళ్ళు తెరిచి, పువ్వును చూసి, నన్ను చూసి, చెంపలు వేసుకుంది. నేను కూడా వేసుకున్నాను. నేను వేసుకోవాల్సిన కారణం వేరు.

శ్రావణ పౌర్ణమి. పోటు బాగా ఎక్కువ. నాచు తాళ్ళు తెగాయి.

రోజూ పొద్దున మేడ పనులు, భోజనాలయ్యాక చెవులమ్మ. పసుపు ఊడదీయడానికే ఇన్నాళ్ళు పట్టింది. గీకితే పెంకు గీసుకుపోతుంది. తడిగుడ్డ కప్పి నానబెట్టి, వెదురు పుల్లతో పొర పొరగా లేపాను. ఊడిన పసుపంతా అప్పాయమ్మ గిన్నెలోకి ఎత్తుకుంది, పారెయ్యకూడదట. ఇక స్క్రూలు. కొన్ని కింద రబ్బరు కాళ్ళ చాటున దాక్కున్నాయి, కొన్ని తుప్పు పట్టి తల అరిగిపోయాయి. ఒక్కో చుక్క నూనె వేసి, మర్నాడు దాకా ఆగి, బతిమాలి తిప్పాను. పాత వస్తువు దగ్గర కోపం పనికిరాదు. నా కోపమంతా మనుషుల కోసం దాచుకుంటాను.

అడుగు రేకు లేపగానే బ్యాటరీ కనబడింది, పూరీలా పొంగి. అది పగిలితే నిప్పే. అందర్నీ బయటికి పొమ్మని, ఊపిరి బిగబట్టి, దాని తీగ ఊడదీసి, ఇసక డబ్బాలో పెట్టి దూరంగా మోసుకెళ్ళాను. అందరూ వెళ్ళారు, అప్పాయమ్మ తప్ప. నేను అరిచింది వినబడలేదు కదా. వెనక్కి తిరిగి చూస్తే నా భుజం మీదుగా తొంగిచూస్తోంది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ప్రమాదం అని అరిస్తే వినబడని మనిషిని మేడ మీద ఉంచకూడదన్న రూలు ఉత్తినే పెట్టలేదని మొదటిసారి అనిపించింది. ఆ మాట ఆమెకు రాసి చూపించలేదు.

లోపల ఫ్యాను రెక్కలు కర్పూరం మసితో ముద్దలు కట్టి ఉన్నాయి. కీబోర్డు కింద కొబ్బరినీళ్ళు పాకంలా ఎండిపోయి, చీమల శవాలు కూడా ఉన్నాయి. సముద్రం మధ్యలో ఇనప మేడ మీదకి చీమలు ఎలా వచ్చాయో వాటికే తెలియాలి. బోర్డు మొత్తం బయటకి తీసి, ఉప్పులేని నీళ్ళతో, ఆ తర్వాత స్పిరిట్‌తో, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగాను. పసిపిల్లకు తలంటినట్టు. అప్పాయమ్మ పక్కన కూర్చుని దూది చుట్టిన పుల్లలు అందించింది. తను పెట్టిన గంధం బొట్లను తనే ఒక్కో కన్నంలోంచి సూదితో తవ్వి తీసింది. మొహం చిన్నబుచ్చుకుంది.

"నానే సంపేశాను కదా అక్కా," అంది ఉన్నట్టుండి.

నేను పలక తీసి, చంపలేదు, తిండి ఎక్కువ పెట్టావు అంతే అని రాశాను. చదివి కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి మీద ఒకటేసింది.

శ్రావణ బహుళ అష్టమి. చినుకులు.

బోర్డు ఆరింది. ఒక మూల చిన్న ముక్క మాడిపోయి ఉంటే, చేపల జాడ పట్టే పాత యంత్రంలోంచి అలాంటిదే పీకి టంకం వేశాను. బ్యాటరీ జోలికి పోలేదు, సోలార్ పెట్టె నుంచి నేరుగా తీగ లాగి, దానికెంత కావాలో అంతే వచ్చేలా కట్టాను. మీట నొక్కాను.

ఏమీ లేదు. ఇంకోసారి నొక్కాను. ఫ్యాను ఒక్కసారి ముక్కి, తిరగడం మొదలుపెట్టింది. డిస్కు అనేది లోపల గుండ్రంగా తిరిగే పళ్ళెం, నేర్చుకున్నదంతా అందులోనే ఉంటుంది. అది కూడా తిరిగింది గాని పాత తిరగలిలా గరగరమంటోంది. ఆ చప్పుడు నాకు నచ్చలేదు. బోర్డయితే మార్చొచ్చు, టంకం వేయొచ్చు. ఆ పళ్ళెం పోతే బ్రహ్మదేవుడు కూడా ఏం చెయ్యలేడు.

తెర నల్లగానే ఉంది. తాతబ్బాయి వచ్చి చూసి, పోయిందిలే అత్తా, వదిలెయ్ అన్నాడు. ఈ కాలం వాళ్ళకు అన్నీ తొందరే. తెర పోలేదు, తెర వెనక వెలుగు పోయింది. టార్చి లైటు తెచ్చి ఏటవాలుగా పట్టుకోమన్నాను. అప్పుడు కనబడ్డాయి, చీకటి గదిలో పిల్లి కళ్ళలా సన్నగా అక్షరాలు. తాతబ్బాయి నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

కొన్ని మీటలు పలకడం లేదు, పలికేవాటితోనే ఎలాగో నెట్టుకొచ్చాను. దవాఖానా వాళ్ళ చెవి పాఠం అందులో భద్రంగా ఉంది. అప్పాయమ్మ పేరూ ఉంది, ఆమె పడుచుదనంలో తీసిన ఫొటోతో సహా. టార్చి వెలుగులో ఆ ఫొటో చూసుకుని, ఎంత బావున్నానో సూడు, నీకన్నా బావున్నాను అంది. ఒప్పుకోక తప్పలేదు. బావుంది.

భాద్రపద శుద్ధ చవితి. పండగ. గాలి తూర్పుకి తిరిగింది.

పత్రి దొరకదు కాబట్టి నాచుతోనే వినాయకుడి పూజ కానిచ్చి, పాఠానికి కూర్చున్నాం. యంత్రాన్ని తీగతో చెవులమ్మకు కట్టి, అప్పాయమ్మ చెవి వెనక తగిలించాను. తాతబ్బాయి టార్చి పట్టాడు.

చెవిలోని తీగ మీద వరసగా చుక్కలుంటాయి. హార్మోనియం మెట్లలాగా ఒక్కో చుక్క ఒక్కో శబ్దం పలుకుతుంది. ఒక్కో మెట్టూ నొక్కి, వినబడిందా, చాలా, ఎక్కువైందా అని అడిగి గుర్తు పెట్టాలి. అడిగితే అప్పాయమ్మ ప్రతిదానికీ పరవాలేదు అంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తి ఆ ఒక్క మాటే. అన్నంలో రాయి వచ్చినా పరవాలేదు, కాలు బెణికినా పరవాలేదు. ఒక మెట్టు దగ్గర కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా పరవాలేదట. నాకు ఒళ్ళు మండి, నువ్వు పరవాలేదంటే నేను పెంచుతూ పోతాను, నిజం చెప్పి చావు అని పలక నిండా రాశాను. అప్పటికి దారికొచ్చింది. తర్వాత పుల్ల విరిచినట్టు చెప్పడం మొదలెట్టింది. ఇది ఈగ. ఇది సన్నం. ఇది నెప్పి, తగ్గించు.

సగం అయ్యాక తెలిసింది అసలు సంగతి. కింది మెట్లు పలకడం లేదు. ఎన్నిసార్లు నొక్కినా లేదంది. తీగ ఆ చివర చచ్చిపోయింది. పిడుగు తిన్నదో, ముసలితనం తిన్నదో. మిగిలినవి పైమెట్లే. మనుషుల మాటలకి అవి చాలు. కాని మా మేడ సైరన్ బొంగురు గొంతు, ఎక్కడో పాతాళంలో పలుకుతుంది. ఆ కింది శబ్దాన్ని బలవంతంగా పైమెట్ల మీదకి ఎక్కించొచ్చు. ఎక్కిస్తే మాటలకి చోటుండదు, అన్నీ కలగాపులగమైపోతాయి.

సైరన్ వినాలా, మనుషుల్ని వినాలా. రెండూ కుదరవు.

తాతబ్బాయి ఇందులో ఆలోచించడానికేముంది, సైరన్‌కే పెట్టు అత్తా, ముందు మేడ మీద ఉండనీ అన్నాడు. అప్పాయమ్మ కూడా తలూపింది. అలాగే పెట్టాను. పాఠం యంత్రంలోకి ఎక్కుతున్నంతసేపూ డిస్కు గరగరమంటూనే ఉంది. సైరన్ ఊదించి చూశాం. అప్పాయమ్మ ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుంది. వినబడింది. మేడంతా ఉండ్రాళ్ళు పంచిపెట్టారు. నేను మాత్రం అప్పాయమ్మా అని పిలిచాను. ఆమె నా పెదాల వంక చూస్తూ నవ్వింది.

భాద్రపద శుద్ధ ఏకాదశి. ముసురు.

వారం రోజులు చూశాను. అందరూ కూర్చుని రొయ్యలు వలుస్తుంటే ఆమె కూడా కూర్చుంటుంది. ఎవరు నవ్వితే వాళ్ళతో పాటు నవ్వుతుంది. ఎవరైనా పలకరిస్తే నీళ్ళలో బుడగల్లా ఏదో గుబగుబ వస్తోందట, మాట తెలియదట. నేను కావాలని ఆమె వంటకి వంక పెట్టాను. ఆమె మూతి తిప్పలేదు, సరేనన్నట్టు తలూపింది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు కాపరంలో అప్పాయమ్మ నా మాటకి సరేనని తలూపడం అదే మొదలు. నా గదిలోకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇవాళ పొద్దున తనే వచ్చి బల్ల ముందు కూర్చుంది.

"మాటలకి మార్సెయ్యి అక్కా. సైరన్ ఎప్పుడో కూత్తది. మనుసులు రోజూ మాటాడతారు."

అలా చేస్తే తనిఖీలో తప్పుతావు, తీసుకుపోతారు అని రాశాను. డిస్కు ఇంకోసారికి మించి ఓర్చుకోదు, ఈసారి పెట్టిందే ఆఖరు అని కూడా రాశాను. నెమ్మదిగా, అక్షరం అక్షరం వేలితో తడుముతూ చదివింది.

"ఆడికెల్తే అక్కడోళ్ళ మాటలన్నా ఇంటాను. ఇక్కడుండి బొమ్మలాగా కూకోమంటావా?"

తాతబ్బాయిని పిలిచి టార్చి పట్టమన్నాను. మెట్లన్నీ మాటలకే సర్ది, పాఠం ఎక్కించాను. ఎక్కడం పూర్తయిందని తెర మీద అక్షరాలు పడ్డాయి. కాసేపటికి డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు. నేను మూత మీద చెయ్యి పెట్టాను. పని పూర్తిచేసే పోయింది మహాతల్లి.

అప్పాయమ్మ యంత్రం తగిలించుకుంది. ఏదైనా అను అంది. తీరా అడిగితే ఏమనాలో తోచక, తిన్నావా అన్నాను.

"నీ గొంతు అచ్చం నీ గొంతులాగే ఉంది," అని ఏడుస్తూ నవ్వింది. తర్వాత మూతి తిప్పి, "తిన్లేదు అక్కా," అంది.

భాద్రపద పౌర్ణమి. తెరిపి.

తనిఖీ దగ్గరపడింది. చెవిని సైరన్‌కి సరిపెట్టడం ఇక కుదరదు. కాబట్టి సైరన్‌నే చెవికి సరిపెట్టాలని కూర్చున్నాను. ఇంత చిన్న సంగతి ముందే ఎందుకు తట్టలేదో. రూలన్నది మనిషి మారడానికే గాని సైరన్ మారడానికి కాదని బుర్రలో నాటుకుపోయింది మరి.

తాతబ్బాయిని రూలు చదివించాను. మేడ మీద నివసించే ప్రతి మనిషికీ వినబడి, అర్థమై, ప్రతి మనిషీ లేచి పడవల దగ్గరకు చేరేటట్టు కూత ఉండాలి అని ఉందట. ఏ కూతో రాయలేదట. ఇంకేం. పైగొంతులో ఈలలు, గంటలు, కీచుమనే మోతలు అన్నీ మైకులో వేసి చూశాం. అప్పాయమ్మకు వినబడుతున్నాయి గాని తేడా తెలియడం లేదు. ఈల వేస్తే సముద్రకాకి అనుకుంది, గంట కొడితే ఎవరో గిన్నె పడేశారనుకుంది. ఆ సన్నటి మెట్ల మీద మోతలన్నీ ఒకటేలా ఉంటాయట. నాకు విసుగొచ్చి, నీ మొహం, అది కూడా తెలియదా అప్పాయమ్మా అని కసిరాను. ఆమె మేడకి అవతలి కొసన ఉంది, మధ్యలో పంపుల హోరు. అయినా చటుక్కున తిరిగి చూసింది.

తాతబ్బాయి నా వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు.

"అత్తా, నీ గొంతెట్టేద్దాం," అన్నాడు.

వద్దు, సిగ్గుచేటు అన్నాను. మేడ మీద జనమంతా పోగై పెట్టాల్సిందేనన్నారు. సరే, మైకు ముందు నిలబెట్టారు. నిలబడగానే నా గొంతు నాది కాకుండా పోయింది. అప్పాయమ్మ గారూ, దయచేసి బయటికి రండి అని వచ్చింది. జనం పడీపడీ నవ్వారు. ఎన్నిసార్లు పట్టినా అంతే, పెళ్ళిపిలుపులా ఉంది. నాకు తిట్టడం రాదని మొదటిసారి మాట పడ్డాను.

అప్పుడు అప్పాయమ్మ దగ్గరగా వచ్చి, రొయ్యలు వలిచిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ, మామూలుగా చెప్పింది.

"ఇన్నాళ్ళూ నీకు సెప్పలేదు గాని అక్కా, బావగారు నా సేతి పులుసే బావుంటదనేవోరు. నీది కడుగునీళ్ళని. పాపం, నీ మొకం సూసి తినేవోరు."

తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. తాతబ్బాయి మాత్రం నా అరుపంతా మైకులో పట్టేశాడు.

భాద్రపద బహుళ ఏకాదశి. ఆకాశం నిర్మలం.

పొద్దునే తనిఖీ పడవ వచ్చింది. అధికారి పేరు విశాలాక్షి. చిన్న వయసు, గంజి పెట్టిన బట్టలు, నవ్వు లేదు. పడవలు చూశారు, తాళ్ళు లాగి చూశారు. అప్పాయమ్మ గురించి ముందే తెలిసినట్టుంది, ఆమె ఎక్కడుందో అడిగారు. కింది అంతస్తులో నాచు వండుతోందని చెప్పాం. ఆమెకు చెప్పకుండా ఊదండి అన్నారు.

తాతబ్బాయి మీట నొక్కాడు. స్తంభం స్తంభం నుంచీ నా గొంతే.

"ఏమే అప్పాయమ్మా. లెగు. లేచి బయటికి రా. ఇప్పుడే రా, నీ అంతు తేలుస్తాను. రా బయటికి."

ఇనప మేడంతా మోగింది. సముద్రకాకులన్నీ ఒక్కసారి లేచి ఎగిరాయి. జనం గదుల్లోంచి బిలబిలమంటూ పడవల దగ్గరకు దిగారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. విశాలాక్షి గారు చెవులు మూసుకుని, ఇదేమిటి, ఇది సైరనా అని అడిగారు. సైరనేనండి అన్నాడు తాతబ్బాయి. అప్పాయమ్మ పేరు పెట్టి పిలిస్తే మిగతావాళ్ళకు ప్రమాదమని ఎలా తెలుస్తుంది అని ఆవిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దానికి పక్కనున్న ముసలాయన, ఆ గొంతు లేచిందంటే పుట్టి బుద్ధెరిగిన ప్రతివోడూ పరిగెడతాడమ్మా అన్నాడు. విశాలాక్షి గారి మూతి కొంచెం వణికింది, నవ్వు ఆపుకున్నారో ఏమో.

ఆవిడ తలలు లెక్కపెట్టడానికి పడవల వైపు తిరిగారు. మొదటి పడవలో, మొదటి బల్ల మీద అప్పాయమ్మ కూర్చుని ఉంది. చేతిలో గరిటె. అందరికన్నా ముందు వచ్చింది.

"వినబడిందామ్మా మీకు?" అని అడిగారు.

"సచ్చినోళ్ళకి కూడా ఇనబడద్దండి," అంది అప్పాయమ్మ.

సంతకం పెట్టారు. పడవ వెళ్ళిపోయింది, మా మనిషి మా దగ్గరే ఉంది. కూత కింద ఏం రాయాలో తోచక, మనిషి గొంతు, స్త్రీ, కోపం అని రాసుకున్నారని తాతబ్బాయి చెప్పాడు.

ఈ సాయంత్రం మేమిద్దరం మెట్ల మీద కూర్చుని రొయ్యలు వలుస్తున్నాం. మా ఆయన పులుసు గురించి నిజంగా అలా అన్నారా అని అడిగాను. అన్నారో లేదో మరిచిపోయానంది. అడిగినా చెప్పదు, నాకు తెలుసు. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కా, నువ్వు పోయాక కూడా అది అట్టాగే అరుత్తాదా?"

"అరుస్తుంది," అన్నాను.

"అయితే పరవాలేదు," అని ఇంకో గుప్పెడు రొయ్యలు తన వైపు లాక్కుంది.